విష్ణుచిత్తుల వారి వంటయిల్లు

బందరునుండి వచ్చినను, గుడివాడనుండి పామఱ్ఱు, కూచిపూడి మీదుగా వచ్చినను, అవనిగడ్డనుండి పులిగడ్డ, మోపిదేవి దాటి వచ్చినను, చల్లపల్లి చేరిన యాత్రికునకు కృష్ణయొడ్డున నున్న శ్రీకాకుళము ఎంతో దూరము కాదు. ఉత్తరాంధ్రమున నున్న జిల్లా పట్టణమును తలపవలదు. ఇది ఘంటసాల మండలములోని గ్రామము. ఇచ్చట వెలసిన దైవము ఆంధ్ర మహావిష్ణువు. దివిసీమ కవియైన కాసుల పురుషోత్తమ కవి చనువుకొలది నిందాస్తుతి చేసి శతకము చెప్పినది ఈ స్వామినే. ఈ సన్నిధిలో ఒకనాటి రాత్రి జరిగిన ముచ్చటతో మన కథ మొదలగును.

విజయనగర ప్రభువు శ్రీకృష్ణదేవరాయలు 1509 నుండి 1529 వరకు రాజ్యము చేసెను. 1514లో ఉదయగిరిని, 1515లో కొండవీటిని గెలిచిన ఆ కళింగ దండయాత్రా కాలముననే ఆయన బెజవాడలో కొన్ని దినములు నిలిచి, అచ్చటినుండి శ్రీకాకుళము వచ్చెను. ఆనాడు హరివాసరము. ఉపవసించి స్వామి సేవలో రాత్రి గడపిన రాజునకు నాలుగవ జామున స్వామి కలలో సాక్షాత్కరించి, శ్రీరంగమున తాను గోదాదేవిని పరిణయమాడిన కథను తెలుగున కావ్యముగా చెప్పి తిరువేంకటనాథునకు అంకితము చేయుమని ఆనతిచ్చినట్లు రాయలే తన కావ్యము మొదట వ్రాసికొనెను. ఆముక్తమాల్యద అట్లు పుట్టినది. మనము దానిని గోదాదేవి పెండ్లికథ యందుము గాని, దానికి విష్ణుచిత్తీయమను మరియొక పేరు గలదు. ఆ పేరే సరియైనదని నా తలంపు. పెండ్లికూతురి కంటె ముందుగా ఆమె తండ్రిని, తండ్రి యింటిని, ఆ యింటి పొయ్యిని రాయలు ఎంతో మక్కువతో చూపెను. పెరియాళ్వారులని మనము సేవించు ఆ విష్ణుచిత్తుల చరిత్రమును, వంటయింటి వాకిట నిలిచి ఒకమారు స్మరింతము.

ఆళ్వారుల జన్మస్థలము పాండ్యదేశమందలి శ్రీవిల్లిపుత్తూరు. తండ్రి ముకుందులు, తల్లి పద్మవల్లి. జ్యేష్ఠమాసమున స్వాతీ నక్షత్రమున గరుడాంశమున అవతరించిరని గురుపరంపర చెప్పును. చరిత్రకారులు వీరిని క్రీ.శ. 8, 9 శతాబ్దుల వారినిగా ఎంచుదురు. శాస్త్రములు చదివి వాదములు చేయవలెనను కోరిక వీరికి లేకుండెను. మథురలో కంసుని పట్టణమునకు వచ్చిన బాలకృష్ణునకు పూలదండ లిచ్చి ధన్యుడైన మాలాకారుని కథ వినిన నాటినుండి, తమకును అదియే తగిన కైంకర్యమని నిశ్చయించుకొనిరి. ఊరి వెలుపల నేల చదును చేసిరి, తులసి నాటిరి, పూదోట పెంచిరి. ప్రొద్దున కోసి, కట్టి, వటపత్రశాయికి సమర్పించుటయే వారి దినచర్య. తోటపని యెరిగినవారికి నేను చెప్పవలసినది లేదు. ఈనాడు స్వామి మెడలో నున్న దండకు మూడు నెలలనాడే పాదు త్రవ్వి యుండవలెను. ఆళ్వారుల స్వభావమంతయు ఈ తోటలోనే తయారైనదని నాకు తోచును.

దండ సమర్పించి యింటికి వచ్చిన పిమ్మట రెండవ కైంకర్యము మొదలగును. అది తదీయారాధనము. విల్లిపుత్తూరునకు వచ్చు శ్రీవైష్ణవ యాత్రికులకు విష్ణుచిత్తుల తిరుమాళిగయే సత్రము. వచ్చువారు చెప్పి వచ్చువారు కారు. నలుగురో నలుబదిమందియో తెలియదు. పగలో రాత్రియో తెలియదు. నడురేయి ఆ యింటి ప్రక్కగా పోయి చెవియొగ్గినను మూడు ధ్వనులు వినవచ్చెడివని రాయలు వర్ణించెను. ఒకటి శేషశాయి పుణ్యకథలు, రెండవది దివ్యప్రబంధానుసంధానము, మూడవది అతిథులతో గృహస్థుడు పలుకు వినయపు మాటలు. కూరలు ఎక్కువ లేవని, వేడిగా లేవని, పిండివంటలు లేవని, అన్నము అంత బాగుగా కుదురలేదని, దయయుంచి ఆరగింపవలెనని ఆ మాటల సారాంశము. విస్తరి నిండ వడ్డించి యుండియే అట్లు పలుకుచుండిరి.

నడురేయి వచ్చిన వానికి విస్తరి నిండ వడ్డించుట ఎట్లు సాధ్యము? ధనముచేత అనరాదు, వీరు పూలదండలు కట్టుకొను గృహస్థులు. మహిమచేత అనుట భక్తులకు సులభమే. కాని రాయలు మహిమను గూర్చి చెప్పక, ఏ ఋతువులో ఆ యింట ఏమి వండిరో, ఏ వంటచెరకుతో వండిరో చెప్పెను. వేలకొలది సైన్యమును వెంట నడపుచు, వానలో ఎండలో విడుదుల వద్ద వంటలు సాగించిన ప్రభువునకు ఆ సంగతి తెలియకుండునా?

మొదట వానకాలము. ఆ కావ్యమందే ఇతరుల యిండ్లలోని అవస్థను రాయలు వేరుగా వర్ణించెను. జడివాన పట్టినది. పొయ్యిలో నిప్పు ఆరిపోయినది. నిప్పు కొరకు ఇల్లిల్లు తిరుగవలెను. దొరికినను అది తడిసిన పుల్లలకు అంటుకొనదు. అంటుకొన్నను ఇల్లంతయు పొగయే. వంట ముగియుసరికి ప్రొద్దు ఎక్కడికో పోవును. కృష్ణా మండలమున అగ్గిపెట్టెలు వచ్చిన పిమ్మటను ఈ అవస్థ చాలకాలము తీరలేదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను చూచిన దివిసీమ పెద్దలకు ఎండిన పుల్ల విలువ ఎవరును చెప్పనక్కరలేదు.

ఇక విష్ణుచిత్తుల యింట ఆ జడివానలో ఏమి జరిగినది? పొయ్యిలో కొబ్బరిచిప్పలు మండుచున్నవి. ఎండిన చిప్ప తొందరగా అంటుకొని, నిలకడగా మండును, పొగ తక్కువ. ఎందులకు చిప్పలే వాడిరో కూడ రాయలు చెప్పినారు. గృహిణి కన్నులలోనికి పొగ పోకుండుటకు! ఇంతకంటె ముఖ్యమైన మాట ఆ ఘట్టములో మరియొకటి లేదని నేను సాహసించి చెప్పుచున్నాను. అతిథి ఆకలిని గూర్చి పాడిన కవులు ఎందరో కలరు. అతిథికి వండునామె కన్నులను గూర్చి తలచిన చక్రవర్తి ఈయన యొక్కడే నా చదువునకు తగిలెను.

ఆ చిప్పలు శ్రావణములో దొరకునవి కావు. ఏడాది పొడవున కొట్టిన కొబ్బరికాయల చిప్పలను పారవేయక, ఎండబెట్టి, తడి తగులని చోట చేర్చి యుండవలెను. విస్తరిలోని పదార్థములను చూడుడు. కలమధాన్యపు అన్నము, ఒలిచిన పప్పు, పోపుపెట్టిన నాలుగైదు కూరలు, వడియములు, వరుగులు, పెరుగు, ధారాళముగా నేయి. పప్పు పొట్టు ఒలుచుటకు ఎండ కావలెను. నానబెట్టి, ఎండించి, తిరుగలిలో విసరి, చెరగి యుండవలెను. వడియములకు నాలుగు దినముల తీవ్రమైన ఎండ కావలెను. వంకాయను, గోరుచిక్కుడును తరిగి ఉప్పు పట్టించి వరుగు చేయుటయు వేసవి పనియే. వాన కురియుచుండగా ఆ విస్తరిలో పడినది వేసవి ఎండ యన్నమాట. చీకటిలో తలుపు తట్టిన అతిథికి అప్పటికప్పుడు చేయవలసినది అన్నము వార్చుట, కూరలకు పోపు వేయుట, వడియములు వేయించుట మాత్రమే. తక్కిన పని మూడు నెలల క్రిందటనే ముగిసినది. అందుచేత గృహిణికి తొందర లేదు, గృహస్థునకు విసుగు లేదు, నోట వినయపు మాట చెదరదు.

మన డెల్టాలో వరి కోసిన మాగాణిలో మినుము, పెసర పండించుట అనాదియైన అలవాటు. మాఘ ఫాల్గుణములలో క్రొత్త మినుములు ఇల్లు చేరును. వెనువెంటనే ఎండలు ముదురును. బూడిదగుమ్మడి వడియములు పెట్టుటకు ఇంతకంటె అనుకూలమైన క్రమము దేశమున మరియెచ్చట నున్నదో నాకు తెలియదు. రాయలు తమిళదేశపు ఆళ్వారుల యింట తెలుగువారి అటకనే చూపెనని కొందరు పండితులు చిరునవ్వు నవ్వుదురు. నవ్వనిండు. ఆయన మనచేత వ్రాయించుకొన్న స్వామి ఆంధ్ర మహావిష్ణువే కదా!

వేసవి వచ్చినది. యాత్రికుడు ఎండలో వాడి వచ్చును. ముందుగా చందనము పూసి చల్లబరతురు. పిమ్మట నులివెచ్చని అన్నము, తియ్యని చారు, పలుచని అంబలి, చెరకురసము, ఎలనీరు, పండ్లు, పరిమళించు చల్లని నీరు, ఊరవేసిన మామిడిపిందెలు, నీరుమజ్జిగ. ఈ విస్తరిని వంటయింటి వైపునుండి చూచినచో ఒక విశేషము కనబడును. ఇందులో చాలభాగమునకు పొయ్యి అక్కరయే లేదు. అన్నము సైతము నులివెచ్చనిది. అనగా ప్రొద్దెక్కకముందే వార్చి ఉంచినది. మిట్టమధ్యాహ్నము అతిథికి కావలసినది చల్లదనము, వండునామెకు కావలసినది పొయ్యికి దూరము. రెండును ఒక్క ఏర్పాటుతో తీరినవి.

చలికాలపు విస్తరి దీనికి పూర్తిగా వ్యతిరేకము. అన్నియు పొగలు గ్రక్కుచుండవలెను. సువాసన గల క్రొత్తబియ్యపు అన్నము, మిరియపు పొడి చల్లి చుయ్యిమని దించిన కూరలు, ముక్కునకెక్కు ఆవఘాటు గల పచ్చళ్ళు, పాయసము, ఊరగాయలు, చేయి చుర్రుమను కాగిన నేయి, వేడిపాలు సమృద్ధిగా. పౌషమాసమున పొయ్యి దగ్గర కూర్చుండుట ఎవరికిని కష్టము కాదు గదా. ఇచ్చట ఒక చిన్న సంగతి. కారమునకు మిరియము, ఆవ మాత్రమే చెప్పబడినవి. మిరపకాయ అమెరికా ఖండమునుండి పోర్చుగీసుల నౌకలలో మన దేశమునకు వచ్చిన పంట. రాయల నాటికి తెలుగు వంటయిండ్లకు అది అలవాటు కాలేదు. మన పాతవంటలలో, దేవాలయపు పులిహోర, పొంగలి వంటి ప్రసాదములలో నేటికిని మిరియము, ఆవలే ముందుండును.

ఇట్లుండగా మధురలో నొక రాత్రి జరిగిన సంఘటన ఆళ్వారుల జీవితమును మార్చివేసెను. పాండ్యరాజును రాయలు మత్స్యధ్వజుడనెను. గురుపరంపరలో వల్లభదేవుడని యున్నది. భోగలాలసుడై ప్రియురాలి యింటికి పోవుచున్న ఆ రాజునకు, ఒక యింటి అరుగుమీద పరుండిన పరదేశి బ్రాహ్మణుడు చదువుకొనుచున్న సుభాషితము వినబడెను. దాని భావమిది: వానకాలమునకు కావలసినది తక్కిన మాసములలోనే కూర్చుకొనవలెను, రాత్రికి కావలసినది పగలే, ముదిమికి కావలసినది పడుచుదనముననే, పరమునకు కావలసినది ఈ జన్మమునందే. రాజు గుండెలో ఆ మాట నాటుకొనెను. ఆ చివరి కూర్పు ఏ దైవమువలన లభించునో చెప్పగల వారికి బహుమానముగా ధనపు మూటను సభలో కట్టించి, పండితులను పిలిపించెను.

ఈ కథను మనము ఎన్నిమారులో విని యుందుము. వినునప్పుడెల్ల నాలుగవ పాదమునకు పరుగెత్తి, మొదటి పాదమును దాటిపోవుదుము. వానకాలమునకు ముందే కూర్చుకొనుట యనునది అక్కడ ఉపమానముగా కనబడును. విష్ణుచిత్తుల యింట మాత్రము అది ఉపమానము కాదు, అటకమీది కొబ్బరిచిప్పల బుట్ట.

సభలో వాదము ముగియకున్న తరుణమున విల్లిపుత్తూరు స్వామి విష్ణుచిత్తులను మధురకు పొమ్మని ఆజ్ఞాపించెను. తోట త్రవ్వి చేతులు కాయలు కాచిన తనకు శాస్త్రవాదమేమి తెలియునని వారు వెనుదీసిరి. అయినను స్వామి విడువలేదు. వారు పోయి, శ్రీమన్నారాయణుడే పరతత్త్వమని సభలో స్థాపించిరి. కట్టిన ధనపు మూట తనంతట తానే వారి ముందు వ్రాలినదని సంప్రదాయము. రాజు శిష్యుడై వారిని ఏనుగుమీద ఊరేగించెను. ఆ ఉత్సవమును చూచుటకు లక్ష్మీసమేతుడై స్వామి గరుడునిపై ఆకాశమున దర్శనమీయగా, ఆళ్వారులు తమ గెలుపును మరచి, ఈ లోకపు కన్నులు సోకి స్వామికి దృష్టి తగులునేమో యని భయపడి మంగళాశాసనము పాడిరి. దినదినము మన కోవెలలలో తొలుత అనుసంధింపబడు తిరుప్పల్లాండు అదియే. అందరును స్వామివలన రక్షణ కోరుదురు. వీరు స్వామికే రక్షణ కోరిరి. అందువలన పెరియాళ్వారులను పేరు నిలిచెను. ఇంటికి వచ్చిన వారికి ఏమి తక్కువయగునో యని దినదినము వెదకిన గృహస్థునకు, ఎదుట నిలిచిన దేవునికి ఏమి కీడు కలుగునో యని తోచుట వింత కాదు.

విల్లిపుత్తూరునకు మరలివచ్చి, వారు మునుపటివలెనే పలుగు పట్టిరి. ఆ తోటలోనే, తులసివనమున, శిశువు దొరికినది. గోదయని పేరిడి పెంచిరి. స్వామికి కట్టిన దండను ఆమె ముందుగా ధరించి నీడ చూచుకొనుట, తండ్రి కని దుఃఖించుట, స్వామి ఆ ధరించిన దండయే తనకు కావలెననుట మన పిల్లలకును తెలిసిన కథయే. ఆమె పాడిన తిరుప్పావై ముప్పది పాశురములే ధనుర్మాసమంతయు మనకు మేల్కొలుపు.

ధనుర్మాసమనగానే నా చిన్ననాటి యిల్లు జ్ఞప్తికి వచ్చును. ముప్పది దినములును తెల్లవారక మునుపే మా యింట సేవాకాలము జరుగుచుండెను. ఇరుగుపొరుగు వైష్ణవులు వచ్చి కూర్చుండెడివారు. పొంగలి పరిమళము గదియంతయు నిండెడిది. మా తల్లిగారు మాత్రము వంటయింటిలో మంచుకు చెమ్మగిల్లిన పుల్లలతోను, ఊదుగొట్టముతోను పెనుగులాడి, శాత్తుమొర వేళకు ఎర్రబడిన కన్నులతో తలుపు చాటునుండి తీర్థమునకు చేయి సాచెడివారు. ఆమెకు ముప్పది పాశురములును కంఠస్థములే. గోష్ఠిలో కూర్చుండి ఒక్కనాడును చెప్పగా నేను వినలేదు. పుల్లలు కార్తికములోనే చీల్చి లోపల పేర్చియుంచుట మగవారమైన మా పని. ప్రతి యేడును రేపు రేపనుచు ధనుర్మాసము ముంగిటికి తెచ్చుకొనెడివారము. ఆముక్తమాల్యదలోని ఆ పొగ మాట చదివిన నాటికి ఆమె లేరు.

నేడు పొయ్యి మారినది, పొగ పోయినది. గ్యాసుపొయ్యి వద్ద నిలిచినామె సేవాకాలమునకు రాగలుగుచున్నదా యనునదే చూడవలసి యున్నది. రాగలుగుచున్న యిండ్లు నేనెరుగుదును. అట్టి యొక యింట ధనుర్మాసమునకు ముందటి దినములలో పెసరపప్పు బాగుచేసి దోరగా వేయించి, మిరియములు, జీలకర్ర దంచి డబ్బాలకెత్తుదురు. బెల్లము తరిగి పెట్టుకొందురు. జీడిపప్పు పలుకులు చేయుదురు. నేయి ఒక్కమారే కాచుకొందురు. ఏ దినమున కట్టెపొంగలి, ఏ దినమున దద్ధ్యోదనము, ఏ దినమున పులిహోర యను వరుస కాగితముమీద వ్రాసి మడి బీరువా తలుపునకు అంటింతురు. పులిహోరకు పులుసు ముందటి దినము సాయంత్రమే మడితో ఉడికించి ఉంతురు. ముందురాత్రి బియ్యము, పప్పు కొలిచి గిన్నెలో పోసి మూత పెట్టుదురు. తెల్లవారుజామున ఒక్క పొయ్యి ముట్టించి, గిన్నె ఎక్కించి, మంట తగ్గించి, ఆమెయును వచ్చి గోష్ఠిలో కూర్చుండును. ముక్కోటి ఏకాదశి ఉపవాసమునకు మరునాటి ద్వాదశి పారణ ప్రొద్దుననే కావలెను గదా. దానికి అవిసాకు, ఉసిరికాయలు దశమినాడే తెప్పించుకొందురు. వడ్డించుట ఆ యింటి మగవారి పని. ఈ చివరి కట్టడి ఆ యింటి కోడలు పెట్టినదట. అత్తగారు మొదట కొంచెము ముఖము చిట్లించి, పిమ్మట తానే మెచ్చుకొనిరట.

గోదాదేవి శ్రీరంగమున రంగనాథుని చేపట్టెను. కూతురిని అప్పగించి వచ్చిన పిమ్మట ఆళ్వారుల తోటలో దండ ధరించి చూచుకొను బిడ్డ లేదు. వారు మరల దండలు కట్టిరి. కడపటి దినములలో మధురకు సమీపమున నున్న తిరుమాలిరుంజోలై కొండ చేరి, అచ్చటి అళగర్ స్వామిని సేవించుచు పరమపదించిరి. ఆ స్వామికే గోదాదేవి తన పాశురములలో ఒక మ్రొక్కు మ్రొక్కియుండెను. నూరు గంగాళముల వెన్న, నూరు గంగాళముల అక్కారవడిశల్ సమర్పింతునని దాని భావము. బియ్యము, బెల్లము, పాలు, నేయి కలిపి వండు చక్కెరపొంగలియే అక్కారవడిశల్. మ్రొక్కు తీరకముందే ఆమె స్వామిలో లీనమయ్యెను.

శతాబ్దులు గడచెను. భగవద్రామానుజులు ఆ పాశురమును అనుసంధించుచు, తీరని మ్రొక్కు నొకదానిని గుర్తించిరి. తిరుమాలిరుంజోలైకి పోయి, నూరు గంగాళముల వెన్నయు, నూరు గంగాళముల అక్కారవడిశలును సిద్ధము చేయించి స్వామికి ఆరగింపు చేయించిరి. అచ్చటినుండి విల్లిపుత్తూరు రాగా, గోదాదేవి సన్నిధినుండి ముందుకు వచ్చి వారిని అన్నగారని పిలిచినదట. ధనుర్మాసమున ఇరువది యేడవనాడు, కూడారై పాశురము నాడు, బందరులోను, గుడివాడలోను, దివిసీమ పల్లెలలోను వైష్ణవ గృహముల గిన్నెలలో నేయి మోచేతివరకు కారునట్లుగా వండు చక్కెరపొంగలి ఆనాటి నూరు గంగాళముల శేషమే.